పచ్చ అతుకు ట్యూబు

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి నా కుడిచెయ్యి గడ్డి మిషను కడుపులో ఇరుక్కుపోయింది. ఇరుక్కోవడమంటే ఏదో గీసుకుపోవడం కాదు. చూపుడువేలూ మధ్యవేలూ బ్లేడు ఇరుసుకి చుట్టుకున్న రబ్బరు ట్యూబు కింద దూరి, లాగితే ఇంకా బిగుస్తూ, లాగకపోతే నొక్కుతూ అక్కడే ఉండిపోయాయి. ఇరవై రెండేళ్లుగా గడ్డి కోస్తున్నదాన్ని, ఆరేళ్లుగా మిగతావాళ్లకి కొయ్యడం నేర్పుతున్నదాన్ని. నవ్వేవాళ్లు నవ్వండి. ఇంకొకళ్లకి జరిగుంటే నేనే ముందు నవ్వేదాన్ని.

ముందు ఆ చోటు సంగతి చెప్పాలి, లేకపోతే నోరున్న మనిషివి అరవొచ్చుగా అంటారు. మాది ఊరికి నీళ్లు శుద్ధి చేసి పంపే కేంద్రం. ట్యాంకులన్నీ భూమిలో ఉంటాయి, వాటిమీద మట్టి కప్పి గడ్డి పెంచారు. చెట్లు వేస్తే వేళ్లు గోడల్లోకి దిగుతాయని గడ్డి తప్ప ఇంకోటి మొలవనివ్వరు. అన్నీ ఏటవాలు గట్లు. నాలుగు మిషన్లు, ఆరుగురం మనుషులం. వెనకాల నడుస్తూ తోసుకుపోయే మిషన్లే అన్నీ, ఎక్కి కూచునేవి కావు. మా షెడ్డు పక్కనే పంపుల హాలు. ఆ హోరులో ఎదురుగా నిలబడి తిట్టినా వినపడదు, అందుకే మావాళ్లు నన్ను ధైర్యంగా తిట్టుకుంటారు. గంటకోసారి మాత్రం ఒక పంపు ఆపి ఇంకోటి తిప్పుతారు. ఆ మధ్యలో రెండు నిమిషాలు చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది.

అంటే గంటకి రెండు నిమిషాలు అరిచే వీలుంది నాకు. సంచి, సంచిలో ఫోను షట్టరు పక్కన మేకుకి వేలాడుతున్నాయి. షట్టరు నేనే సగానికి దించాను, ఎవరూ చూడకూడదని.

ఎందుకు చూడకూడదో చెప్తాను.

గడ్డి మిషను హ్యాండిల్‌కి ఆనుకుని ఒక సన్నటి కమ్మీ ఉంటుంది, లివరు అంటాం. దాన్ని హ్యాండిల్‌తో కలిపి పట్టుకున్నంతసేపే ఇంజను నడుస్తుంది. వదిలితే ఆగుతుంది. మనిషి కాలుజారి పడ్డా, పక్కకి పోయినా బ్లేడు ఆగిపోవాలని పెట్టిన ఏర్పాటది. మంచి ఏర్పాటే, కాదనను. కానీ గడ్డిలో రాయి కనిపిస్తే వదలాలి, గడ్డి సంచి నిండితే వదలాలి, ముక్కు దురదపెట్టినా వదలాలి. వదిలిన ప్రతిసారీ మళ్లీ తాడు లాగి స్టార్టు చెయ్యాలి. మా పాత మిషన్లు ఒక్క లాగుకి మాట విన్న రోజు లేదు. రోజుకి అరవై డెబ్భైసార్లు లాగితే రాత్రికి భుజం మనది కాకుండా పోతుంది.

అందుకని మాలో అందరం ఒక దొంగపని నేర్చుకున్నాం. పాత సైకిలు ట్యూబు ముక్కతో లివరుని హ్యాండిల్‌కి కట్టేస్తాం. ఇక చెయ్యి వదిలినా ఇంజను ఆగదు. ఆఫీసువాళ్లు అటు వస్తున్నారంటే ముడి లాగి ట్యూబుని జేబులో కుక్కుకుంటాం.

నేను మేస్త్రినయ్యాక ప్రతి సోమవారం పొద్దున్న షెడ్డులో బోర్డు దగ్గర నిలబడి అందరికీ చదివేదాన్ని. బూట్లు లేకుండా మిషను ముట్టుకోవద్దు. కొయ్యబోయే ముందు గట్టంతా నడిచి రాళ్లు ఏరండి. గట్టుకి అడ్డంగా నడవండి, నిలువునా ఎక్కి దిగొద్దు. వేడి ఇంజనులో పెట్రోలు పొయ్యొద్దు. లివరు కట్టొద్దు. చివరిది చదివేటప్పుడు ఎవరూ ఎవరి మొహం చూసేవాళ్లు కాదు.

ఒక్క నియమం మాత్రం మేం ప్రాణంలా పాటించేవాళ్లం. నాకు పని నేర్పినాయన్ని మూడువేళ్ల మామ అనేవాళ్లం. మిగతా రెండు వేళ్లు ఎక్కడికి పోయాయో అడక్కండి, బ్లేడుకి అంటుకున్న తడిగడ్డి తియ్యబోతే పోయాయి. ఇంజను ఆగే ఉంది. చేత్తో బ్లేడు తిప్పితే లోపల ఇంజనూ తిరుగుతుంది, ప్లగ్గులో నిప్పు పుడితే అది రాజుకుంటుంది. "ఆగిన ఇంజను చచ్చింది కాదురా, కునుకు తీస్తోంది" అనేవాడు మామ. ఆయన పెట్టిన పద్ధతి ఏంటంటే, మిషను కింద చెయ్యి పెట్టాలంటే ముందు ప్లగ్గు తీగ ఊడదీసి "తీశా" అని పైకి అనాలి. పక్కనున్న ఇంకొకళ్లు వచ్చి, వంగి, కళ్లారా చూసి "చూశా" అనాలి. అప్పుడే చెయ్యి లోపలికి. ఇద్దరు లేకపోతే ఆ పనే చెయ్యకూడదు. ఎంత కొట్టుకున్నా, ఎంత మాటలు లేకపోయినా, ఆ రెండు ముక్కలు మాత్రం అనుకునేవాళ్లం.

ఇక మా తోడికోడలు. మా మరిది భార్య. ఒకే ఇంట్లో రెండు గదులు వాళ్లవి, రెండు గదులు మావి, వంటిల్లు ఒక్కటే. అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టిన వెల్డింగు దుకాణం మూతపడ్డాక ఇల్లు మా ఇద్దరి ఉద్యోగాలమీదే నడుస్తోంది. దాన్ని ఈ పనిలో పెట్టించింది నేనే. నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నాను. కాదు, నాలుక ఉంది, అవసరమైనప్పుడే తీస్తుంది, నాలా పొద్దస్తమానం ఆడించదు.

పనిలో చేరిన మొదటి వారంలోనే దాని భుజం వాచిపోయింది. చిన్నప్పుడెప్పుడో ఒకసారి జారిన భుజమట, నాకు చెప్పలేదు. శనివారం సాయంత్రం వంటింట్లో గిన్నె ఎత్తలేక గోడకానుకుని ఏడుస్తుంటే చూశాను. మర్నాడు నా పాత సైకిలు ట్యూబు తీసి చేతిలో పెట్టాను. నేను ఆరేళ్లు వాడిన ట్యూబు. దానికొక పచ్చ అతుకుంది. ఎప్పుడో పంక్చరైతే మా గేటు దగ్గరి వాచ్‌మన్, అప్పట్లో పంక్చర్లు వేసేవాడు, మామూలు రబ్బరు లేక చిరిగిన వానకోటు ముక్క కోసి అతికించాడు. "నీ ట్యూబు దారిలో పోగొట్టుకున్నా తెచ్చిస్తా మేస్త్రమ్మా, ఇలాంటి అతుకు ఇంకెక్కడా ఉండదు" అని ఎన్నిసార్లు మురిసిపోయాడో. "ఇలా కట్టు, ఎవరికీ చెప్పకు" అని ముడి వెయ్యడం కూడా నేనే చూపించాను. ప్రేమతోనే ఇచ్చాను. ప్రేమతో ఇచ్చింది కూడా మెడకి చుట్టుకుంటుందని అప్పుడు తెలీదు.

నా చెయ్యి ఇరుక్కోవడానికి మూడ్రోజుల ముందు, గురువారం, తోడికోడలు గట్టుమీద కోస్తూ రాయి కనిపించి పక్కకెళ్లింది. లివరు కట్టే ఉంది. ఇంజను అదురుకి మిషను కాస్త కాస్త జరుగుతూ వాలు మొదలయ్యేచోటికి వచ్చి, అక్కణ్ణుంచి తన దారి తాను చూసుకుంది. గట్టు దిగి, కంచె పక్కన వాచ్‌మన్ సైకిలుని గుద్ది, దాంతోపాటు బోర్లాపడింది. వాచ్‌మన్ ఆ క్షణంలో సైకిలు పక్క నుంచి లేచి నీళ్లు తాగడానికి వెళ్లాడు కాబట్టి బతికాడు. సైకిలు ముందు చక్రం ఎనిమిది అంకెలా తిరిగింది.

ఇంజనీరుగారు నన్నూ దాన్నీ గదికి పిలిచారు. మంచివాడే, కేకలు వెయ్యడు. నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "లివరు కట్టొచ్చని ఈమెకి ఎవరు చెప్పారు?"

"ప్రతి సోమవారం కట్టొద్దనే చెప్తానండీ" అన్నాను.

అది అబద్ధం కాదు. ప్రతి సోమవారమూ చెప్పాను. ఆ ఒక్క ఆదివారం ఏం చెప్పానో మాత్రం చెప్పలేదు. ఆయన అదే రాసివ్వమన్నారు, రాసిచ్చాను. ఇంకో రెండేళ్లలో పదవీ విరమణ. మేస్త్రి నేర్పిన తప్పని తేలితే నేను ఏమవుతాను, ఇంట్లోవాళ్లు ఏమవుతారు అని చెయ్యి దానంతటదే రాసేసింది. సోమవారం పది గంటలకి విచారణ, అప్పటిదాకా మిషను ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు. ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకో నెలుంది దానికి. ఈలోపు ఇలాంటిది జరిగితే పంపించెయ్యడమే.

మా తోడికోడలు అంతసేపూ తలుపు పక్కన నిలబడే ఉంది. నా మాట విని ఒకసారి నావైపు చూసింది. ఆ రోజు నుంచి ఇంట్లో నాతో ఒక్క మాట లేదు. నేను వంటింట్లోకి వెళ్తే అది బయటికొచ్చేది. అరిచి నాలుగు తిట్టుంటే హాయిగా ఉండేది.

శనివారం రాత్రి నాకు ట్యూబు గుర్తొచ్చింది. విచారణలో వాచ్‌మన్ సాక్షి. ఆ పచ్చ అతుకు వాడి కంటపడితే అయిపోయినట్టే. అందుకని ఆదివారం, ఎవరూ ఉండని పూట, వెనక దారిన షెడ్డుకి వచ్చాను. ట్యూబు తీసేసి, బదులు ఏదో తాడు కట్టేసి పోదామని.

చూస్తే హ్యాండిల్‌కి సగం ట్యూబే ఉంది. లివరు ఇంకా గట్టిగా కట్టే ఉంది గానీ, మిగిలే పొడుగుని హ్యాండిల్ చుట్టూ చుట్టుకుంటాం చూడండి, ఆ తోక లేదు. అతుకు ఉన్నది ఆ తోకకే. మిషను బోర్లాపడ్డప్పుడు హ్యాండిల్ మడతపడిపోయింది, తర్వాత మేమే లేపి నిలబెట్టాం. ఆ పడడంలో తోక బ్లేడుకి చిక్కుకుని, తెగి, ఇరుసుకి చుట్టుకుపోయుంటుంది. ఇంజను ఆగింది కూడా దానివల్లే. పెట్రోలు కారకుండా కార్బొరేటరు పైకొచ్చేలా మిషనుని పక్కకి వాల్చాను. ఆ కంగారులో కూడా ఆ పాఠం మర్చిపోలేదు, మెచ్చుకోండి. చూస్తే ఇరుసు దగ్గర నల్లటి చుట్టల మధ్య పచ్చగా కనిపించింది. రెండు వేళ్లు చుట్ట కిందికి దూర్చి లాగాను. లాగిన విసురుకి బ్లేడు కదిలింది, చుట్ట బిగిసింది.

అప్పుడు గుర్తొచ్చింది ప్లగ్గు తీగ తియ్యలేదని. లివరు ఇంకా కట్టే ఉందని. మిషను ట్యాంకులో సగం పెట్రోలు ఉందని. పక్కన "చూశా" అనడానికి ఎవరూ లేరని.

ప్లగ్గు ఇంజనుకి అటువైపు ఉంది. మిషను అంచు మీంచి ఎడమచెయ్యి చాపి చూశాను. పెట్రోలు మూత దాకా అందింది. ప్లగ్గుకి జానెడు తక్కువైంది. లివరు ఇంకా దూరం. మిషనుని లాగుదామంటే అది కదిలితే ఇరుసూ కదులుతుంది, వేళ్లూ కదులుతాయి. ఇంత లావు మనిషిని, ఇరవై రెండేళ్లు ఆ మిషన్లని ఆడించినదాన్ని, దాని పక్కన సిమెంటు నేలమీద కుడితిలో పడ్డ ఎలుకలా కూచున్నాను.

మూడు గంటలకి పంపు ఆగింది. హోరు పోయి చెవులు గుయ్యిమన్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ దగ్గు వినిపించింది, నిజంగా, అంత దగ్గరగా. ఒక్క కేక వేస్తే పరిగెత్తుకొచ్చేవాడు. వచ్చి ఏం చూస్తాడు? ఉన్నది ఉన్నట్టు ఉంచమన్న మిషనుని నేను వాల్చి పెట్టుకోవడం. నా వేళ్లమీద వాడు స్వయంగా వేసిన అతుకు. నోరు తెరిచాను, మళ్లీ మూశాను. దొంగకి తేలు కుడితే ఎలా ఉంటుందో విన్నాను గానీ అనుభవించడం అదే మొదలు. రెండు నిమిషాలూ అలాగే గడిచిపోయాయి, రెండో పంపు అందుకుంది.

మూడు దాటాక నొప్పి మారింది. మొదట కోసినట్టు ఉన్నది తర్వాత కాలినట్టు అయింది, ఆ తర్వాత ఏమీ తెలీడం మానేసింది. తెలీకపోవడమే ఎక్కువ భయం వేసింది. తొంగి చూస్తే గోళ్లు నేరేడుపళ్ల రంగులోకి వచ్చాయి. మూడువేళ్ల మామ చెయ్యి కళ్లముందు ఆడింది. ఆయన మాకు పాఠం చెప్పేటప్పుడు ఆ చెయ్యి ఎత్తి చూపించేవాడు, మేం తలలు దించుకునేవాళ్లం. ఈసారి నేను సోమవారం పొద్దున్న బోర్డు దగ్గర నిలబడి ఏ చెయ్యి ఎత్తాలి?

ఉండబట్టలేక ఎడమచేత్తో బ్లేడు వీపు పట్టుకుని వెనక్కి తిప్పబోయాను. చుట్ట వదులవుతుందేమోనని ఆశ. కాస్త తిరిగింది, లోపల పిస్టను అడ్డం నిలిచింది. ఇంకాస్త నొక్కాను. అది ఒక్క ఉదుటున ముందుకి తన్నింది. లోపల్నుంచి 'ఫట్' మని చిన్న చప్పుడు, దాని వెనకే పెట్రోలు వాసన. ఎడమ అరచెయ్యి చీలింది, అదీ నేను నూరిన పదునే. నేను కదల్లేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. ఇంజను నిద్రలో ఒకసారి మూలిగి మళ్లీ పడుకుంది. ఇంకోసారి లేపితే లేస్తుందని నాకు తెలుసు.

ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను. నొప్పికి కాదు. గురువారం ఆ గదిలో ఒక్క ముక్క, "నేనే నేర్పానండీ" అని ఆరు అక్షరాలు నోటినుంచి వచ్చుంటే ఇప్పుడు ఇంట్లో ఉండేదాన్ని. మహా అయితే మేస్త్రి పని పోయేది. ఆ ఆరు అక్షరాలు మింగి, వాటికోసం వేళ్లు ఇస్తున్నాను. గురివింద గింజ నలుపు సంగతి ఊరందరికీ చెప్పేదాన్ని, నా వీపు నాకెప్పుడు కనపడాలి.

నాలుగు గంటలకి పంపు ఆగగానే అరిచాను. ఇక ఆలోచించలేదు. వాచ్‌మన్ అయినా సరే, ఇంజనీరుగారైనా సరే. "ఎవరైనా ఉన్నారా, షెడ్డులో, రండి" అని గొంతు చించుకున్నాను.

షట్టరు వెంటనే పైకి లేచింది. అంత వెంటనే ఎవరూ పరిగెత్తుకు రాలేరు. వెలుగులో మా తోడికోడలు నిలబడుంది.

"నువ్వా" అన్నాను.

"ఇందాకే వచ్చాను. షట్టరు కింద నుంచి నీ సంచి కనిపించింది. నువ్వు దేనికొచ్చావో అర్థమై వెళ్లిపోతున్నా" అంది. మూడ్రోజుల తర్వాత దాని గొంతు వినడం అదే.

లోపలికొచ్చి చూసింది. నేను "బ్లేడు ముట్టుకోకు, లివరు కట్టే ఉంది, ప్లగ్గు..." అంటుండగానే చుట్టూ తిరిగి అటువైపు వెళ్లిపోయింది. మిషను అంచు అడ్డం, నాకు దాని జుట్టు మాత్రమే కనపడుతోంది.

"తీశా" అంది.

మామ పెట్టిన పద్ధతిలో రెండో మనిషి, అంటే ఇప్పుడు నేను, కళ్లారా చూడనిదే పని మొదలుపెట్టకూడదు. ఉన్నచోటి నుంచి నాకు ప్లగ్గు కనపడదు. నేను ఎవరిమీద రాసిచ్చానో ఆ మనిషి మాటమీద ఇప్పుడు నా వేళ్లున్నాయి.

"తీశా అన్నానక్కా."

"చూశా" అన్నాను.

"చూడకుండా చూశానని అనకు."

"కనపడట్లేదే. నిజంగా తీశావా?"

పంపు మళ్లీ మొదలయ్యేలోపు అన్నది ఒకటే మాట. "రిపోర్టు రాసింది నేను కాదు కదా, అబద్ధం చెప్పడానికి."

నాకు అంతకంటే ఎవరూ ఏమీ అననక్కర్లేదు. "చూళ్లేదు. నువ్వు తీశానంటే తీసినట్టే. ఇక కానివ్వు" అన్నాను.

హోరు అందుకుంది. అది ముందు హ్యాండిల్ దగ్గర ట్యూబు కోసింది, లివరు టక్కున పైకి లేవడం నా కళ్లతో చూశాను. తర్వాత నా పక్కన మోకాళ్లమీద కూచుని, అంచులు కత్తిరించే చిన్న కత్తితో చుట్టల్ని ఒక్కొక్కటీ కోసుకుంటూ వచ్చింది. నా మణికట్టుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది, నేను ఉలిక్కిపడి లాగకుండా. వేళ్లు బయటికొచ్చాయి. నావిలా లేవు, ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. రక్తం తిరిగి పారడం మొదలయ్యాక ఆ నొప్పికి నేను దాని భుజం కొరికేదాన్నే, అది ఆ మంచిది కాని భుజమని గుర్తొచ్చి ఆగాను.

నేను తేరుకునేసరికి అది పచ్చ అతుకు ముక్కనీ, హ్యాండిల్ ముక్కనీ ఏరి తన సంచిలో వేసుకుంది. మిషనుని లేపి నిలబెట్టింది. సంచిలోంచి ఒక గుడ్డపేలిక తీసింది. తన పాత యూనిఫాం చొక్కా చింపి తెచ్చుకుంది. దాంతో లివరుని మళ్లీ హ్యాండిల్‌కి కట్టింది, నేను నేర్పిన ముడే వేసింది.

అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు అది దేనికొచ్చిందో. నేను నన్ను కాపాడుకోవడానికి వస్తే, అదీ నన్ను కాపాడ్డానికే వచ్చింది.

"ఎందుకే" అని దాని చెవి దగ్గర అరిచాను.

అది నా చెవి దగ్గరికి వంగింది. "నీమీద ప్రేమతో కాదు. నా ఉద్యోగం ఎలాగూ పోతోంది. ఇంట్లో ఒక్కటైనా మిగలాలి." చెప్పి, షట్టరు పూర్తిగా ఎత్తి వెళ్లిపోయింది.

ఇరుకులోంచి బయటపడ్డాననుకున్నారా? చెయ్యి ఒక్కటే బయటపడింది. ఆ రాత్రంతా వేళ్లకి తడిగుడ్డ చుట్టుకుని పడుకున్నాను. తలుపు సందులో పడిందని మా ఆయనకి చెప్పాను. అన్నీ సర్దుకున్నాయి. అతుకు లేదు, సాక్ష్యం లేదు, గుడ్డపేలిక దానిది, ముడి ఎవరైనా వెయ్యొచ్చు. నేను నోరు మూసుకుంటే చాలు, అది కూడా నన్ను నోరు మూసుకోమనే చెప్పింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ముందు తలుపు బార్లా తీసి ఉంది, అయినా అడుగు పడట్లేదు. తెల్లారుతుండగా వంటింట్లోకి వెళ్లాను. దాని సంచి మేకుకి ఉంది. చెయ్యి పెట్టి పచ్చ అతుకు ముక్క తీసుకున్నాను.

పది గంటలకి ఇంజనీరుగారి గదిలో నలుగురం ఉన్నాం. మిషనుని వరండాలో నిలబెట్టారు. వాచ్‌మన్ గుడ్డపేలికని చూసి నెత్తి గోక్కున్నాడు. "గురువారం నల్లగా ఏదో చూసినట్టు గుర్తండీ, మరి ఇదేంటో" అన్నాడు. "నేనే కట్టానండీ, నాకెవరూ చెప్పలేదు" అంది మా తోడికోడలు, పాఠం అప్పజెప్పినట్టు. ఇంజనీరుగారు తలూపి, నేను రాసిచ్చిన కాగితాన్ని నావైపు తోశారు. "కింద ఒక సంతకం పెట్టండమ్మా."

కలం తీసుకున్నాను. వేళ్లు ముడవలేదు, కలం జారి బల్లమీద పడింది. "చేతికేమైంది?" అన్నారాయన.

జేబులోంచి ట్యూబు ముక్క తీసి కాగితంమీద పెట్టాను.

వాచ్‌మన్ వంగి చూశాడు. "ఇది నేను వేసిన అతుకే మేస్త్రమ్మా" అన్నాడు, ఇంకా ఏమీ అర్థంకాక, కాస్త గర్వంగానే.

"అవును, నా ట్యూబే. కట్టడం నేనే నేర్పానండీ" అన్నాను.

తర్వాత మొత్తం చెప్పాను, శనివారం వాచిన భుజం దగ్గర్నుంచి ఆదివారం గుడ్డపేలిక దాకా. ఇంజనీరుగారు మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. మా తోడికోడలు కిటికీలోంచి గట్లవైపు చూస్తూ ఉండిపోయింది. నా మాట పూర్తయ్యాక "ఇంట్లో చెప్పుకుందాం కదా అక్కా, ఇక్కడెందుకు" అని గొణిగింది. కోపం ఆపుకుంటోందని నాకు తెలుసు. అది నాకోసం పారేసుకోబోయిన ఉద్యోగాన్ని నేను మళ్లీ దాని చేతుల్లో పడేశాను, దాన్ని అడక్కుండా.

నా మేస్త్రి పని పోయింది, ఉద్యోగం ఉంది. మళ్లీ మిషను పట్టుకున్నాను. దాన్ని పంపించలేదు గానీ, ఖాయం చెయ్యడం ఆరు నెలలు వెనక్కి నెట్టారు. పాత మిషన్లకి తాళ్లూ ప్లగ్గులూ కొత్తవి వేయించారు, ఇప్పుడు రెండో లాగుకే అంటుకుంటున్నాయి. ట్యూబులన్నీ నేనే అడిగి తీసుకుని చెత్తలో పోశాను. రాయి కనిపిస్తే లివరు వదుల్తున్నాను, మళ్లీ తాడు లాగుతున్నాను. మధ్యవేలు సగమే ముడుస్తుంది.

ఇంట్లో అది ఇంకా నాతో మాట్లాడదు. వంటింట్లోకి నేను వెళ్తే బయటికి రావడం మానేసింది, అంతవరకే. గట్టుమీద మాత్రం పద్ధతి పద్ధతే. నేను మిషను వాల్చి, ప్లగ్గు తీగ ఊడదీసి, "తీశా" అని కేక వేస్తాను. అది ఎంత దూరంలో ఉన్నా తన మిషను ఆపి, గట్టు దిగి వస్తుంది. వంగుతుంది. తీగని వేలితో పక్కకి జరిపి మరీ చూస్తుంది. "చూశా" అని మళ్లీ గట్టెక్కి వెళ్లిపోతుంది.

బ్లేడు కింద గడ్డి రోజుకి ఒకసారి శుభ్రం చేస్తే సరిపోతుంది. నేను నాలుగుసార్లు చేస్తున్నాను.